పక్క కుట్టు

సోమవారం

ప్రియమైన అమ్మకు,

క్షేమంగా చేరాను. బండి రెండు గంటలు ఆలస్యం, సూట్‌కేసు పిడి ఊడిపోయింది, నువ్వు కట్టిచ్చిన రొట్టెల పొట్లం మీద ఎవరో పెద్దమనిషి గంటసేపు హాయిగా కూర్చున్నాడు. అవి తప్ప ప్రయాణం బాగానే జరిగింది. రొట్టెలు పారేయలేదు, తిన్నాను. కాస్త పల్చబడ్డాయంతే.

ఫోన్ చేయలేదని కోప్పడకు. ఇక్కడ ఫోన్ తాతయ్య మంచం తల దగ్గరే ఉంది. నేను ఎంత గుసగుసలాడినా ఆయనకు వినపడుతుంది. ఒళ్ళంతా నీరసించినా చెవులు మాత్రం ఇంకా పనిలోనే ఉన్నాయి. అందుకే ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయి.

మంచాన్ని వెనక గదిలోంచి ముందున్న దర్జీ కొట్లోకి మార్పించుకున్నాడు, సరిగ్గా కటింగ్ బల్ల పక్కకి. "పడుకునేదేదో వీధి కనపడేట్టు పడుకుంటాను" అని పంతం పట్టాడట. పక్క కొట్టు ఇస్త్రీ బాబాయే మంచం మోశాడు, ఇన్నాళ్ళూ పాలూ మందులూ తెచ్చిపెట్టింది కూడా ఆయనే. మెషీన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. సుద్దముక్కలు ఆ సబ్బుపెట్టెలోనే ఉన్నాయి. పెద్ద కత్తెర ఆ మేకుకే వేలాడుతోంది. పన్నెండేళ్ళప్పుడు చూసిన కొట్టు, ఇప్పుడు ఇరవై మూడేళ్ళ కళ్ళకు అగ్గిపెట్టెంత ఉంది.

నేను గుమ్మంలో నిలబడగానే ఏమన్నాడనుకున్నావు? ఎలా ఉన్నావనలేదు, ఎప్పుడు బయలుదేరావనలేదు. "ఆ కాలరెవరు వేశారే? ఒక చెవి పైకుంది, ఒక చెవి కిందికుంది" అన్నాడు. "కొన్న చొక్కా తాతయ్యా" అన్నాను. "అనుకున్నాను" అని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "బొత్తాం, నీళ్ళివ్వు" అన్నాడు. ఇక్కడ నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రెండేళ్ళప్పుడు మింగిన బొత్తాం ఈ వీధికి ఇంకా అరగలేదు.

డాక్టరుతో మాట్లాడాను. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకిందట. ఆపరేషన్ మాట ఎత్తొద్దన్నాడు. చలికాలం చూస్తే గొప్ప అన్నాడు. నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వడానికి కాంపౌండరు రోజు విడిచి రోజు వస్తున్నాడు. లైబ్రరీలో ఉద్యోగంలో చేరడానికి నాకింకా ఆరు వారాల టైముంది. అంతవరకు ఇక్కడే ఉంటాను.

నీ గురించి ఒక్క మాటైనా అడగలేదు. కానీ సాయంత్రం జావ తాగుతూ, "ఆ ఫ్యాక్టరీల్లో ఒకేసారి ఎన్ని పొరలు పేర్చి కోస్తారే?" అన్నాడు. అరవై అన్నాను. "అరవయ్యా! అడుగు పొర జరిగిపోదూ?" అన్నాడు. "అమ్మ చేతికింద జరగదు" అన్నాను. గిన్నె ఖాళీ చేశాడు.

నువ్వొస్తే బాగుండును. ఇంతే రాస్తున్నాను, బతిమాలడం లేదు.

నీ
బొత్తాం

*

గురువారం

ప్రియమైన బొత్తాంకి,

నీ ఉత్తరం నిన్న అందింది. రొట్టెల మీద కూర్చున్న పెద్దమనిషిని లేపకుండా గంటసేపు ఊరుకున్నావంటే నువ్వు నా కడుపున పుట్టలేదేమోనని అనుమానంగా ఉంది.

ముందు పని సంగతులు. జావలో ఉప్పు తగ్గించు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టు, లేకపోతే వీపు పుండవుతుంది. తిప్పేటప్పుడు చంకల కింద చేతులేసి పట్టుకో, మోచేతులు పట్టుకుని లాగకు. గడ్డం గీయించు, మాసిన గడ్డంతో ఆయనకు అన్నం సహించదు. మొహమాటపడకు. ఆయనకు లేని మొహమాటం నీకెందుకు?

ఇక రావడం సంగతి. నేను రాను. నలభై బడుల యూనిఫారాలు నెలాఖరుకు లారీ ఎక్కాలి, కటింగ్ సెక్షన్ మొత్తం నా నెత్తిమీద ఉంది. అది సాకని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ నాన్న కూడా నిన్నంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఆయనకు చెప్పిందే నీకూ చెప్తున్నాను. పదకొండేళ్ళలో మీ తాత నుంచి నాకు ఒక్క కార్డు ముక్క రాలేదు. పిలవని గుమ్మం తొక్కలేను.

కానీ ఒకటి అడుగుతాను, జాగ్రత్తగా చూసి రాయి. చిక్కాడు, నీరసించాడు అని రాస్తే నాకు తెలియదు. ఆయన ఒంటిమీద చొక్కా ఎలా ఉంది? భుజం కుట్టు ఎముక మీదే ఉందా, చేతి మీదికి జారిందా? పై బొత్తాం పెట్టాక కాలరులో ఎన్ని వేళ్ళు పడుతున్నాయి? ఆయన చొక్కాలన్నీ ఆయన కొలతకు ఆయనే కుట్టుకున్నవి, అవి అబద్ధం చెప్పవు. మీ అమ్మమ్మ జబ్బు డాక్టర్ల కంటే రెండు నెలల ముందు పసిగట్టింది నేనే, జాకెట్టు చేతులు వదులైతే చూసి. ఆ ఇంట్లో మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నది తక్కువ, బట్టలు చూసుకున్నదే ఎక్కువ.

స్వెట్టరు పంపుతున్నాను. అది నీకు. ఆయనకు పెద్దదవుతుందో సరిపోతుందో నాకు తెలియదు.

ఆశీస్సులతో
మీ అమ్మ

*

శుక్రవారం

ప్రియమైన అమ్మకు,

స్వెట్టరు అందింది. దాని చేతులు నాకు పొడుగయ్యాయి. నా కొలత కూడా నీకు గుర్తులేదా, లేక దారిలో మనసు మార్చుకున్నావా? ఏమైనా అది ఇప్పుడు తాతయ్య కాళ్ళ మీద కప్పి ఉంది. ఎవరు పంపారో చెప్పలేదు. ఆయన అంచు తడిమి చూసి, "అల్లిక బిగువుగా ఉంది" అన్నాడు. ఆయన నోట అది మెచ్చుకోలని నీకు నేను చెప్పాలా?

ఆలస్యంగా రాస్తున్నాను, మూడు వారాలు ఎలా గడిచాయో తెలియలేదు. పొద్దున్న ఒళ్ళు తుడిచి, గడ్డం గీస్తాను. మొదటిరోజు రెండుచోట్ల గాటు పడింది. "నువ్వు దర్జీ పనిలోకి రాకపోవడం వాళ్ళ అదృష్టం" అన్నాడు. వాళ్ళెవరని అడిగితే, "బట్టలు వేసుకునేవాళ్ళు" అన్నాడు. తర్వాత పేపరు చదివి వినిపిస్తాను. చావు కబుర్ల పేజీ ముందు చదవమంటాడు, పోయినవాళ్ళలో తెలిసినవాళ్ళుంటే ఛాతీ కొలత చెప్తాడు.

కుట్టి ఉంచిన బట్టలు ఒకటొకటే వచ్చి పట్టుకెళ్తున్నారు. బస్సు కండక్టరు ఎనిమిది నెలల కిందట కుట్టించుకున్న పంట్లాం కోసం వచ్చాడు. ఈలోగా ఆయన పొట్ట ఊరుకోలేదు. అది నడుముకు రాక గింజుకుంటుంటే, తాతయ్య మంచంలోంచి, "లోపల రెండంగుళాల బట్ట వదిలాను, నీ సంగతి నాకు తెలియదూ" అన్నాడు. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వాక తాతయ్య కడుపు పట్టుకుని ఒరిగిపోయాడు. కాంపౌండరు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

నిలువుటద్దాన్ని గోడవైపు తిప్పేశాం. ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయన్నాడు.

నువ్వడిగినవి చూశాను. భుజం కుట్టు ఎముక మీదే ఉంది. కాలరులో ఒక్క వేలు పడుతోంది, అదీ నా చిటికెన వేలు.

ఇంకో మంచి కబురు. నిన్న తనంతట తనే, "ఆ ఇస్త్రీవాడి దగ్గర కెమెరా ఉందిగా, నాకో ఫొటో తియ్యమను" అన్నాడు. చారల చొక్కా వెయ్యమని, పై బొత్తాం పెట్టమని, మంచం మీద కాదు కుర్చీలో కూర్చోబెట్టమని అన్నీ ఆయనే చెప్పాడు. తీశాక, "మీ అమ్మకొకటి పంపు" అన్నాడు. నేను వచ్చాక నీ మాట ఎత్తడం ఇదే మొదలు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఫొటో ఇందులోనే పెట్టాను, చూడు.

నీ
బొత్తాం

*

మంగళవారం

ప్రియమైన బొత్తాంకి,

ఫొటో చూశాను. కాంటీనులో టీ తాగుతూ చూశాను, సెక్షన్‌లో బల్ల మీద పెట్టుకుని మళ్ళీ చూశాను. చివరికి భూతద్దం పెట్టి చూశాను.

అబద్ధమెందుకు, గుండె కుదుటపడింది. మొహం పీక్కుపోయిన మాట నిజమే, జబ్బు మనిషి మొహం అలాగే ఉంటుంది. కానీ చొక్కా పట్టినట్టుంది. భుజం దగ్గర జారుడు లేదు, కాలరు మెడను అంటుకునే ఉంది, ఛాతీ దగ్గర గుడ్డ మడతపడలేదు. కొత్తగా వేసుకున్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చలికాలమేంటి, ఎండాకాలం కూడా చూస్తాడు. డాక్టర్లు ఎప్పుడూ ముందు భయపెట్టి తర్వాత పేరు కొట్టేస్తారు.

కాబట్టి తొందరేం లేదు. లారీ వెళ్ళాక ఆలోచిస్తాను. వస్తానని రాయడం లేదు, ఆలోచిస్తానని రాస్తున్నాను.

నువ్వు చిన్నదానివని ఆ కోటు గొడవ నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. రిటైరవుతున్న హెడ్మాస్టరు గారికి అది. కొలత నుంచి కాజాల దాకా మొత్తం నేను ఒక్కదాన్నే చేసిన మొదటి కోటు. పంతొమ్మిది రోజులు కుట్టాను. చేతులు మీ తాత పద్ధతిలో కాకుండా నా పద్ధతిలో ఎక్కించాను, చెయ్యి పైకెత్తితే కోటు పైకి లేవకుండా. హెడ్మాస్టరు గారు పాతికేళ్ళు బోర్డు మీద రాసిన మనిషి, ఆయన చెయ్యి ఎప్పుడూ పైకే లేస్తుందని అలా చేశాను.

కోటు ఇవ్వాల్సిన రోజు నేను పన్నుడాక్టరు దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన అద్దం ముందు కోటు తొడుక్కుని ఉన్నారు. చేతులు నావి కావు. నేను లేని పూట మీ తాత రెండు చేతులూ విప్పేసి, తన పద్ధతిలో మళ్ళీ ఎక్కించేశాడు. ఎందుకని అడిగితే, హెడ్మాస్టరు గారి ఎదుటే, "నా కొట్టు బోర్డు కింద నుంచి పోయేది నా కుట్టే" అన్నాడు. కత్తెర బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. మర్నాటి నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని ఏడాదిపాటు చూశాను.

ఇప్పుడు చెప్పు, నేను మొండిదాన్నా?

మీ అమ్మ

*

ఆదివారం

అమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నువ్వడిగిన వాటికి నేను రాసిన జవాబులు అక్షరాలా నిజం. కానీ అంతకంటే పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

వచ్చిన మొదటి వారంలోనే ఒకరోజు తాతయ్యకు ఒళ్ళు తుడిచి, నీలం చొక్కా తొడిగి, బల్ల పట్టుకుని నిలబెట్టాను. నిలువుటద్దం ఎదురుగా ఉంది. చొక్కా భుజాలు మోచేతుల దాకా వేలాడుతున్నాయి, కాలరులో మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. తాతయ్య అద్దంలోకి చూశాడు. వదులుగా ఉన్న గుడ్డను వెనక్కి లాగి పట్టుకుని, దర్జీలు పిన్నులు పెట్టేముందు చూస్తారే, అలా చూశాడు. తర్వాత చెయ్యి వదిలేశాడు. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడమ్మా. తాతయ్య ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అద్దాన్ని తిప్పేసింది ఆ రోజే, ఎండ వల్ల కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు నీలం చొక్కా వెనక గదిలోకి పట్టుకెళ్ళి వదులు తగ్గేలా పక్క కుట్లు లోపలికి తీశాను. భుజాల దగ్గర లోపల మడత వేసి కుట్టాను. కాలరు బొత్తాం పక్కకు జరిపాను. తర్వాత చారలది, తర్వాత తెల్లది. ఆయన ఇంకా చిక్కాక మళ్ళీ తీశాను. ఇప్పటికి ఒక్కో చొక్కా నాలుగుసార్లయింది. మెషీన్ చప్పుడుకు లేస్తాడని అంతా చేతికుట్టే. కుట్లు వంకర, దారం రంగు కలవలేదు. అయినా వేసుకున్నప్పుడు ఎముకల మీద సరిగా కూర్చుంటాయి. ఆయనకు తెలియలేదు. వేళ్ళు మొద్దుబారాయి, చూపు మందగించింది. చొక్కా సరిపోయిన రోజున ఇంకో రెండు చెంచాల జావ తాగుతాడు.

నీకెందుకు చెప్పలేదో తెలుసా? ఐదో తరగతిలో కుట్టుపని పరీక్షకు ఏప్రన్‌కి ఆరు కాజాలు కుట్టాను. పొద్దున్న లేచేసరికి ఆరూ మారిపోయి ఉన్నాయి. నీ కాజాలకు నాకు మొదటి మార్కు వచ్చింది. ఆ తర్వాత నేను సూది పట్టుకోలేదు, నువ్వు గమనించలేదు. ఇప్పుడు తాతయ్య చొక్కాల సంగతి రాస్తే, ఎన్ని అంగుళాలు తీశావు, దారం నంబరెంత, చంక దగ్గర పట్టేస్తోందా అని అడుగుతావు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేక దాచాను.

కానీ నువ్వు ఫొటోను ఇంతగా నమ్ముతావనుకోలేదు. ఆ చారల చొక్కా లోపల ఏమీ లేదమ్మా. నువ్వు ఎండాకాలం మాట రాసిన రోజునే డాక్టరు వచ్చి, ఇక రోజులే అన్నాడు. నిన్నటి నుంచి జావ కూడా మానేశాడు.

తప్పు నాది. నువ్వు మొండిదానివో కాదో నాకు తెలియదు. సోమవారం కాక పై సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి. ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్ళలేను. పిలవని గుమ్మమన్నావు. నేను పిలుస్తున్నాను. రా.

బొత్తాం

*

బుధవారం, మధ్యాహ్నం

బొత్తాం,

సెలవు ఇవ్వనన్నారు. అడగడం మానేసి చెప్పి వచ్చేశాను. సాయంత్రం బండి ఎక్కుతున్నాను. ఈ కార్డు కంటే ముందు నేనే వస్తానేమో, అయినా స్టేషన్లో కూర్చుని చేతులు ఊరుకోక రాస్తున్నాను. తాతకు చెప్పకు. చెప్తే గడ్డం గీయమంటాడు, మళ్ళీ గాట్లు పెడతావు.

మీ అమ్మ

*

మంగళవారం

ప్రియమైన అమ్మకు,

నిన్న లైబ్రరీలో చేరాను. పుస్తకాల వీపు మీద నంబర్ల కాగితాలు అంటించే పని ఇచ్చారు. వంకరగా అంటించానని మొదటిరోజే అనిపించుకున్నాను. నా చెయ్యే అంత కాబోలు. అద్దెగది చిన్నది, కిటికీలోంచి ఎవరిదో నీళ్ళ ట్యాంకు కనపడుతుంది.

మీ ఇద్దర్నీ అలా వదిలి వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. నువ్వొచ్చిన రోజు తలుపు దగ్గర నిలబడ్డ తీరు కళ్ళముందు నుంచి పోవడం లేదు. తాతయ్య నిన్ను చూసి, "బండి ఆలస్యమా?" అన్నాడు. "లేదు" అన్నావు. పదకొండేళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది అంతే. తర్వాత మూడు రోజులు నీళ్ళు, మందు, పక్కకు తిరుగు, ఇవే మాటలు. ఎవరి మంకు వాళ్ళదే. ఆదివారం నేను బయలుదేరుతుంటే నా మణికట్టు పట్టుకుని తాతయ్య ఏదో అనబోయాడు, నువ్వు గదిలో ఉన్నావని ఆగిపోయాడు. ఏమనబోయాడో అడిగి రాస్తావా?

చొక్కాల కుట్లు విప్పే ఉంటావు. విప్పితే విప్పావు, ఏమీ అనను. ఆయనకు మాత్రం తెలియనివ్వకు.

జావ తాగుతున్నాడా? ఒక్క ముక్క రాసినా చాలు.

నీ
బొత్తాం

*

శనివారం

ప్రియమైన నా బొత్తాంకి,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండానే ఫోన్ చేసి ఆ కబురు చెప్పాల్సి వచ్చింది. నువ్వు వచ్చి వెళ్ళిన ఆ ఒక్కరోజు జనం మధ్య నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. ఇప్పుడు కొట్లో కటింగ్ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మంచాన్ని ఇస్త్రీ అతను వెనక గదిలోకి మార్చేశాడు. ఆ నాలుగు కోళ్ళ గుర్తులు నేలమీద అలాగే ఉన్నాయి.

మా నాన్న దగ్గర నేను ఉన్నది మొత్తం పదమూడు రోజులు. నువ్వు చూసిన మూడు రోజులూ నువ్వు రాసినట్టే గడిచాయి. నువ్వు వెళ్ళిన మర్నాడు చారల చొక్కా ఉతికి ఆరేసి, తిరగేసి చూశాను. అబ్బ, ఆ పక్క కుట్టు! పైన బిగుతు, కింద వదులు, తెల్ల చారల మీద బూడిదరంగు దారం, చంక దగ్గర గుడ్డంతా ఉండచుట్టుకుని ఉంది. నేనేం అనుకోలేదు, బొత్తాం. నా చెయ్యి దానంతట అది బ్లేడు అందుకుంది. మొదటి కుట్టు కింద మొన పెట్టాను.

"విప్పకు" అన్నాడు మంచంలోంచి.

నిద్రపోతున్నాడనుకున్నాను. "చంక దగ్గర ఒరుసుకుంటుంది నాన్నా" అన్నాను. "ఒరుసుకోనీ. పిల్ల నా కోసం కుట్టింది. విప్పకు" అన్నాడు.

బ్లేడు కింద పెట్టేశాను. వీధిలోకి చూస్తూ తనే అన్నాడు: "ఆ కోటు చేతులు నీవే బాగున్నాయే. తొడిగి చూశాను. చెయ్యెత్తితే కోటు కదల్లేదు. నలభై ఏళ్ళలో నేనలా ఎక్కించలేకపోయాను. చూసి ఓర్చుకోలేకపోయాను." ఆగి ఆగి అన్నాడు, మధ్యలో రెండుసార్లు నీళ్ళు పట్టాల్సి వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. "ఇంకో ఏడాది ముందొచ్చి ఉంటే" అని నేనంటే, "పిలవాల్సింది నేను" అన్నాడు.

ఆయనకేమీ తెలియదనుకున్నావు కదూ? కొలతల పుస్తకం నీకు తెలుసుగా, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. దిండు కిందున్న ఆ పుస్తకాన్ని ఆయన పోయాకే పూర్తిగా చదివాను. చివర్లో, 'నేను' అని పైన రాసి, ఒక పేజీ ఉంది. నువ్వు మందులకు వెళ్ళినప్పుడు టేపు తనే చుట్టుకుని కొలుచుకునేవాడు కాబోలు. ఛాతీ ముప్పై ఎనిమిది దగ్గర మొదలైంది. వారం వారం తగ్గుకుంటూ వచ్చింది. పక్కన సన్నటి పెన్సిల్ రాత, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నీలం చొక్కా పిల్ల లోపలికి తీసింది. కుట్టు వంకర. విప్పలేదు."

"చారలది కూడా తీసింది. కాలరు బొత్తాం జరిపింది, తెలివైంది. వేసుకుంటే హాయిగా ఉంది."

"ఫొటో పంపాం. చొక్కా చూసి అమ్మడు నిబ్బరంగా ఉంటుంది. జాలిపడి రానక్కర్లేదు."

అమ్మడంటే నేనే. చూశావా? ఆ ఫొటోకు నువ్వు బాధపడకు. నేను చొక్కా చూసే మనిషి సంగతి చెప్తానని ఆయనకు తెలుసు, నేర్పింది ఆయనే. నీ కుట్టు అడ్డం పెట్టుకుని నన్ను ఆపాలని చూశాడు. ఆపుతూనే నన్ను తలుచుకుని నా పేజీ కూడా తీసి చూసుకున్నట్టున్నాడు, నా చేతి కొలత పక్కన కొత్త టిక్కు ఉంది.

ఆయన పేజీలో ఆఖరి వాక్యం రాత మెలికలు తిరిగిపోయింది. "పిల్ల ఇవాళ ఏడుస్తూ ఉత్తరం రాసింది. రమ్మనే రాసి ఉంటుంది. రానీ."

పోయే రెండు రోజుల ముందు, కొలత తియ్యమన్నాడు. ఎందుకు నాన్నా అంటే, "పేజీ సగంలో ఆపకూడదు" అన్నాడు. కూర్చోబెట్టి చంకల కిందుగా టేపు చుట్టాను. ఎంతని అడిగాడు. "ముప్పై ఆరు" అన్నాను. నవ్వాడు. టేపు మీద వేలు పెట్టి తడుముకుంటూ వెళ్ళి, "ముప్పై ఒకటి. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒక్కటే" అన్నాడు. ముప్పై ఒకటే రాశాను. ఆ పేజీలో నా చేతిరాత అదొక్కటే.

నువ్వు బయలుదేరుతుంటే ఏమనబోయాడో కూడా అడిగాను. "చొక్కా బాగుందని చెబుదామనుకున్నాను. చెప్తే నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోతుందిగా" అన్నాడు.

ఆయన్ని పంపేటప్పుడు ఇస్త్రీ అతను ఎక్కడిదో కొత్త చొక్కా తెచ్చాడు, మడత విప్పనిది. నేను వద్దన్నాను. నీలం చొక్కా తొడిగాను. పై బొత్తాం నేనే పెట్టాను. భుజం మీద భుజం కూర్చుంది.

ఇక నీ కాజాలు. ఏప్రన్ మాట నువ్వు రాసేదాకా నాకు గుర్తే లేదు. నాకు గుర్తులేకపోవడమే నాకు భయంగా ఉంది. ఆయన ఒక కోటు విప్పాడని ఈ గుమ్మం తొక్కకుండా ఊరుకున్న దాన్ని, నీవి ఆరు విప్పి, నీ నెత్తిన మొదటి మార్కు పెట్టి బడికి పంపాను. నువ్వు సూది పక్కన పెట్టేస్తే నాకు కనపడలేదు. తప్పు చేశాను తల్లీ. తెలిశాక పదకొండేళ్ళు ఆగకుండా చెప్తున్నాను, అదొక్కటే నేను ఆయన కంటే మెరుగు.

కొట్టు ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. నిన్న కండక్టరు వచ్చి, నడుము దగ్గర ఇంకో అంగుళం వదులు చెయ్యమన్నాడు. చేసిచ్చాను. ఫ్యాక్టరీకి ఇంకో వారం రానని రాసేశాను. మీ నాన్న ఆదివారం వస్తానన్నారు.

ఈ ఉత్తరంతో పాటు పార్సెల్ పంపుతున్నాను. అందులో చారల చొక్కా ఉంది. కట్టేముందు తిరగేసి బల్ల మీద పరిచాను. బ్లేడు పక్కనే ఉంది. ఆ చంక దగ్గర ఉండచుట్టుకున్న గుడ్డ చూస్తే మొత్తం విప్పి నీటుగా కుట్టి పంపాలని చేతులు గుంజాయి, నీ దగ్గర దాచేదేముంది.

విప్పలేదు.

మీ
అమ్మ